మెట్ల మలుపులో ఆగిన మాట

నా సరుకును ఆమె మొదటిసారి తిప్పి పంపిన రోజున వాన పడుతోంది. పెట్టె తడవకూడదని నేను తడిశాను. ఫెయిలయింది మాత్రం పెట్టే.

సరుకంటే ఫోన్ సిగ్నల్ పెట్టెలు. పెద్ద భవనాల్లో అంతస్తుకొకటి పైకప్పుకు బిగిస్తే లోపల తిరిగేవాళ్ళకు ఫోన్ పనిచేస్తుంది. వాటిని తయారుచేసే ఒక చిన్న కంపెనీకి నేనూ మా బాబాయీ డీలర్లం. నాన్న పోయాక నన్ను పెంచిందీ, వ్యాపారంలో కూర్చోబెట్టిందీ బాబాయే. ఇన్నాళ్ళూ గోదాములకూ దుకాణాలకూ ఒకటీ అరా అమ్ముకున్నాం. ఇప్పుడు ఒక ఫోన్ కంపెనీ తను తీసుకున్న భవనాలన్నిటికీ సగం పెట్టెలు మా దగ్గర, సగం ఇంకో తయారీదారు దగ్గర కొంటానంది. ఆ ఆర్డరు వస్తే మేం వ్యాపారులం, రాకపోతే దుకాణదారులం. ఇది బాబాయి తూకం.

ఆ ఆర్డరుకూ మాకూ మధ్య ఒక టేబుల్ ఉంది. టేబుల్ వెనక ఆమె ఉంది. ఫోన్ కంపెనీ ల్యాబులో టెస్టింగ్ ఇంజనీరు. సప్లయర్లు చాటుగా పెట్టిన పేరు తిరకాసు.

"మీ పెట్టె బాగుంది," అంది.

"థాంక్స్ మేడమ్."

"పక్క కంపెనీ పెట్టె కూడా బాగుంది."

"సంతోషం."

"రెండూ కలిస్తే బాలేదు. ఫెయిల్."

నేను ఫైల్లోంచి సర్టిఫికెట్ తీసి ఆమె ముందు పరిచాను. "మాది రూల్స్ ప్రకారం తయారైన పెట్టె. వాళ్ళదీ అంతే. ఇద్దరూ విడివిడిగా పాసైనవాళ్ళే. మళ్ళీ కలిపి పరీక్షేంటి మేడమ్?"

"ఇద్దరూ మంచివాళ్ళని విడివిడిగా రాసిస్తే సంసారం సాగుతుందా?"

"మీకు పెళ్ళయిందా?"

"లేదు. అందుకే టెస్టింగ్ అంటే ఇంత నమ్మకం."

సర్టిఫికెట్ మీద నా జుట్టులోంచి ఒక వాన చుక్క పడింది. ఆమె టిష్యూ కాగితం తీసి, సర్టిఫికెట్‌ను కాదు, నా తల తుడుచుకోమని ఇచ్చింది. బేరంలో అవతలి మనిషి ఇలాంటి పని చేస్తే జాగ్రత్తపడాలి. నేను పడలేదు.

పరీక్ష చూడటానికి చాలా తేలిక. ల్యాబ్ కింది అంతస్తులో మా పెట్టె, పై అంతస్తులో వాళ్ళ పెట్టె. మధ్యలో మెట్లు. ఒక మనిషి ఫోన్లో మాట్లాడుతూ పైకి రావాలి. మెట్ల మలుపు దగ్గర మా పెట్టె ఆ కాల్‌ను వాళ్ళ పెట్టెకు అప్పగించాలి. మాట్లాడేవాళ్ళకు ఆ సంగతే తెలియకూడదు. పైన ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ కాల్‌కు అవతలి కొసన కూర్చుంటుంది.

"నడిచే మనిషి నోరు మూయకూడదు. ఏం జరిగినా సరే, పై తలుపు దాకా మాట్లాడుతూనే ఉండాలి. మా వాళ్ళు రెండుసార్లు హలో అని బిగుసుకుపోతారు. మీరైతే..." నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క సర్టిఫికెట్ మీదే అంతసేపు మాట్లాడారు."

అలా నాకు ఆ ఉద్యోగం దొరికింది.

మొదటిసారి నడిచినప్పుడు మా దుకాణంలో ఉన్న సరుకంతా పేరుపేరునా చదివాను. వైర్లు, క్లాంపులు, యాంటెనాలు. ప్రతి దానికీ ఆమె "ఊఁ" అంటోంది. మలుపు తిరగ్గానే ఆ ఊఁ ఆగిపోయింది. చెవిలో మరేమీ లేదు. చెప్పింది గుర్తుంచుకుని స్క్రూల సైజుల దాకా చదువుతూ పైకెళ్ళాను. తలుపు దగ్గర కాల్ పూర్తిగా పోయింది.

"చూశారా, మలుపు దగ్గర్నుంచి మాట ఒక వైపే..." అని ఆమె మొదలుపెట్టింది.

నేను అప్పటికే బాబాయికి ఫోన్ కలిపాను. "కాల్ కట్టవుతోంది బాబాయ్. తప్పు వాళ్ళ పెట్టెదే."

ఆమె ఇంకేదో చెప్పబోయి ఊరుకుంది.

పక్క కంపెనీ తరఫున ఒక బొద్దు ఇంజనీరు వచ్చేవాడు. ఎప్పుడూ నవ్వుతూ "మాది కరెక్టే" అనేవాడు. నేను నవ్వకుండా "మాదీ కరెక్టే" అనేవాణ్ణి.

"ఇద్దరిదీ కరెక్టే. గొడవంతా అందుకే," అంది ఆమె. "మీ పెట్టె కాల్‌ను అప్పగించి, అందిందని వాళ్ళు కబురు పెడితే గానీ వదలనని కూర్చుంది. వాళ్ళ పెట్టె, మీరు ముందు పలకరిస్తే గానీ అందిందని చెప్పదు. ముందెవరు పలకాలో రూల్స్‌లో తేల్చలేదు. ఎవరి ఇష్టం వాళ్ళదని వదిలేశారు."

"అంటే అవతలివాళ్ళే ముందు పలుకుతారని ఇద్దరూ చూస్తున్నారన్నమాట."

"అవును," అంది. ఎందుకో కిటికీ వైపు తిరిగింది.

"అయినా దీనికింత పట్టింపేంటి మేడమ్? కట్టయితే మళ్ళీ చేసుకుంటారు."

ఆమె హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. "పొద్దున పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడు, మెట్లెక్కుతూ ఫోన్ చేసి తప్పయిందన్నాడనుకోండి. ఆవిడ పర్లేదులే అంది. ఆ మాట వాడికి చేరలేదు. వాడు మీ పెట్టెనూ తిట్టుకోడు, వాళ్ళ పెట్టెనూ తిట్టుకోడు. ఆవిడకింకా కోపం తగ్గలేదనుకుంటాడు."

మర్నాటి నుంచి సర్టిఫికెట్ ఫైలు దుకాణంలోనే వదిలి వచ్చాను.

రెండు కంపెనీలూ కొత్త సాఫ్ట్‌వేర్ పంపేవి. ఎక్కించేవాళ్ళు. నేను నడిచేవాణ్ణి. మలుపు దగ్గర ఆమె గొంతు పోయేది. పంపడం, నడవడం, పోవడం.

మా సరుకు పేర్లు ఎన్నిసార్లని చదవను? ఒకరోజు మలుపు తిరిగాక, వినేవాళ్ళు లేరన్న ధైర్యంతో అన్నాను. "మీరు నవ్వితే బాగుంటారు. మా పెట్టె ఫెయిలయినప్పుడే నవ్వుతున్నారు, అదొక్కటే నాకు నష్టం."

పైకి వెళ్ళేసరికి ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది మేడమ్?"

"ఏసీ పనిచెయ్యట్లేదు." నేను చలికి చేతులు రుద్దుకుంటున్నాను.

అప్పటి నుంచి నాది రెండు రకాల వ్యాపారం. మలుపు దాకా దుకాణం మాటలు, మలుపు దాటాక నా మాటలు. కింద "ఈ వైరు గట్టిది మేడమ్" అనేవాణ్ణి. పైన, "ఇవాళ ఆ ఆకుపచ్చ రంగు మీకు బాగా నప్పింది" అనేవాణ్ణి. ఇంకోరోజు, "నాకు బేరమాడటం తప్ప ఇంకేం రాదు. మీ దగ్గర అదీ రావట్లేదు" అన్నాను. మంచి చోటు అది. ఎంత చెప్పినా ఖర్చు లేదు, ఎవరికీ బాకీ పడక్కర్లేదు.

ఒకనాడు నిజంగానే లెక్క వేసుకున్నాను. పెట్టె పాసైతే ఆర్డరు వస్తుంది, మెట్లు పోతాయి. ఫెయిలైతే మెట్లుంటాయి, బాబాయి ముఖం చూడలేను. ఎటు తూచినా ఒక పళ్ళెం ఖాళీ. ఆ రోజు మలుపులో ఆగి అన్నాను. "మా పెట్టె పాసయ్యాక ఏ వంకతో ఈ మెట్లెక్కాలి? అదొక్కటీ చెప్పండి."

చెవిలో ఏమీ లేదు. కిటికీ మీద వాన మాత్రం టపటపలాడుతోంది.

ఇంతలో ల్యాబ్ పెద్దసారు నన్ను పిలిచారు. ఆమె కూడా గదిలోనే ఉంది.

"భవనాలు తెరిచే రోజు దగ్గర పడింది," అన్నారు పెద్దసారు. "మీ ఇద్దరికీ సర్టిఫికెట్లున్నాయి. ఈ కలిపి చేసే పరీక్ష వదిలేద్దాం. నువ్వు సరేనంటే ఆర్డరు ఇవాళే. ఈ అమ్మాయికి నేను నచ్చజెబుతా."

ఆమె హెడ్‌ఫోన్ వైరును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"వద్దు సార్," అన్నాను.

"ఆర్డరు వద్దా?"

"ఆర్డరు కావాలి సార్. పాసయ్యాక కావాలి. రేపు ఏ మెట్ల మీదో మాట వినపడకపోతే, జనం మా పెట్టెను తిట్టరు. ఒకళ్ళనొకళ్ళు తప్పుపట్టుకుంటారు. ఆ పాపం మాకెందుకు?"

పెద్దసారు గోడ మీది క్యాలెండరు చూశారు. "సరే. శుక్రవారం దాకా గడువు. అప్పటికీ కాకపోతే మొత్తం ఆర్డరు అవతలి కంపెనీకే ఇస్తాను."

సాయంత్రం బాబాయి దుకాణం షట్టరు సగం దించి మరీ తిట్టాడు. "చేతిలో పడ్డదాన్ని వద్దంటావట్రా? ఎవడైనా వింటే నవ్విపోతాడు."

"అలా పంపితే తప్పు బాబాయ్. అక్కడ అందరం కూర్చుని మాట్లాడుకున్నాం."

"అందరూ అంటే?"

"నేనూ, మేడమూ."

"ఓహో. అందరూ ఇద్దరేనా," అన్నాడు బాబాయి. తిట్టడం ఆపి షట్టరు పూర్తిగా దించాడు.

మర్నాడు ఆమె మా కంపెనీ ఇంజనీరును రప్పించి, బొద్దాయన పక్కనే కూర్చోబెట్టింది. ముందెవరు పలకాలో తేలేదాకా ఎవరూ కుర్చీ వదలకూడదంది. చివరికి తనే తేల్చింది.

"ముందు మీ పెట్టే పలకాలి," అంది నాతో.

"మేమే ఎందుకు?"

"చిన్న కంపెనీ. పలకరిస్తే పోయేదేముంది మీకు?"

శుక్రవారం వాన గట్టిగా పట్టుకుంది. పరీక్ష చూడటానికి పెద్దసారు వచ్చారు, బాబాయి వచ్చాడు, బొద్దాయన సరేసరి. అందరూ వినేలా స్పీకర్ పెట్టారు. నేను కిందికి దిగుతుంటే ఆమె తలుపు దాకా వచ్చింది.

"ఇవాళ కాస్త చూసుకుని మాట్లాడండి," అంది.

"ఎన్నిసార్లు నడవలేదు మేడమ్. చూసుకోవాల్సింది మలుపు దాకేగా."

ఆమె పెదవి కొరుక్కుంది. నేను దిగిపోయాను.

వైర్లు, క్లాంపులు, యాంటెనాలు. ఊఁ, ఊఁ, ఊఁ. మలుపు వచ్చింది. అలవాటుగా తిరిగాను. చెవిలో నిశ్శబ్దం. ఇదీ పోయిందనుకున్నాను. ఆర్డరూ పోయింది, మెట్లూ పోయాయి. ఇక దాచుకుని ఏం లాభం?

"ఇంతకంటే మంచి చోటు మళ్ళీ దొరకదు," అన్నాను. "మీరంటే నాకిష్టం. మొదటి రోజు మీరు టిష్యూ ఇచ్చినప్పుడే బేరం అయిపోయింది. మీకది తెలీదు."

"తెలుసు," అంది చెవిలో ఆమె గొంతు, గుసగుసగా.

నా కాలు మెట్టు మీదే ఉండిపోయింది.

"ఆగకండి. మాట్లాడుతూ నడవండి. టెస్ట్ జరుగుతోంది."

"మీకు... వినపడిందా?"

"మీ మాట నాకు ఎప్పుడూ వినపడింది. నా మాటే మీకు రాలేదు. మాట ఒక వైపే పోతోందని మొదటి రోజే చెప్పబోయాను. మీరు మీ బాబాయితో కట్టయిందని చెప్పుకుంటున్నారు."

"అంటే ఆకుపచ్చ చీర..."

"విన్నాను. నవ్వు సంగతీ విన్నాను. రోజూ జవాబు కూడా చెప్పాను. మీ పెట్టె దాన్ని మీకివ్వకుండా పట్టుకు కూర్చుంటే నేనేం చెయ్యను?"

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా మేడమ్."

"చెబితే మీరు మళ్ళీ వైర్ల పేర్లు చదువుతారు."

ఇన్నాళ్ళూ ఖర్చు లేని చోటనుకుని అన్నవన్నీ ఆమె ఖాతాలో పడ్డాయి. పై తలుపు తోసుకుని వెళ్ళాను. కాల్ తెగలేదు.

గదిలో అందరూ మామూలుగానే ఉన్నారు. పెద్దసారు చప్పట్లు కొట్టారు. నేను భయంగా స్పీకర్ వైపు చూశాను.

"మలుపు దగ్గర ఆపేశాను," అంది ఆమె మెల్లిగా. మలుపు తిరగ్గానే నా చెవిలో నిశ్శబ్దం అందుకేనన్నమాట. స్పీకర్ ఆపే తొందరలో ఆమె ఊఁ అనలేదు.

బాబాయి నన్ను పక్కకు లాగాడు. "నువ్వన్నది మాకు వినపడలేదు, తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగిందీ అర్థం కాలేదురా. ఆ అమ్మాయి ముఖం మాత్రం ఎదురుగానే ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో కొనేవాళ్ళ ముఖం నాకు తెలీదా? వాళ్ళింట్లో పెద్దవాళ్ళెవరో కనుక్కో, నేనొచ్చి మాట్లాడతా." తర్వాత గొంతు పెంచి అడిగాడు. "అమ్మా, పాసైనట్టేనా మరి?"

"ఇంకా లేదండీ," అంది ఆమె. "పైకి ఎక్కితే చాలదు. కిందికి దిగేటప్పుడు కూడా మాట నిలవాలి."

నేను ఫోన్ తీసుకుని తలుపు వైపు కదిలాను. ఆమె నా చేతిలోంచి దాన్ని తీసుకుని, హెడ్‌ఫోన్ నా తలకు తగిలించింది.

"ఈసారి నేను నడుస్తాను. మీరు వినండి."

ఆమె తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. నా చెవిలో చెప్పుల చప్పుడు, వాన, వైర్లు, క్లాంపులు, యాంటెనాలు. నా వరుస తప్పకుండా అన్నీ బట్టీ పట్టినట్టు చెబుతోంది. నేను ఊఁ అంటూనే ఉన్నాను. మలుపు దగ్గర చప్పుడు ఆగింది.

"ఏ వంకతో ఈ మెట్లెక్కాలని అడిగావు కదా," అంది. "వంక అక్కర్లేదు. రా."

"ఏమంటోందిరా?" అన్నాడు బాబాయి.

"పాసంటోంది బాబాయ్," అన్నాను.