పెద్దమ్మను అడగని ప్రశ్న

ఆ ఉదయం కూడా వడ్రంగి ఎప్పటిలాగే వర్క్‌షాపు తలుపు తీశాడు. చిత్రిక పట్టాల్సిన చెక్క బల్ల మీద సిద్ధంగా ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు. తీర్పు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఏడుపు రాదు, కోపం రాదు, ఆకలి కూడా సరిగ్గా వెయ్యదు.

కేసు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు నోటిమాటగా పంచుకున్నారు. ముందున్న ఇల్లు అన్నకి, వెనకున్న వర్క్‌షాపు తమ్ముడైన ఈ వడ్రంగికి. అన్న పోయాక, అసలు పంపకమే జరగలేదని వదిన కోర్టుకెక్కింది. తమ్ముడి తరఫున వాదించింది ఆయన సొంత కూతురే. ఇంట్లో లాయరుండగా బయటివాళ్ళెందుకని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తంటా అంతా అక్కడే వచ్చింది. కేసు పోయింది. అప్పీలు గెలవకపోతే వర్క్‌షాపు ఖాళీ చెయ్యాలి. ఆయనకి వేరే పని చేతకాదు.

"అప్పీలుకి అనుభవమున్నవాళ్ళు కావాలి నాన్నా. నా వల్ల కాదు," అంది కూతురు, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"నిన్ను పక్కన పెట్టి ఇంకొకరి గుమ్మం తొక్కనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఓడిపోయిందనుకుంటారు. ఓడిపోయాను కదా."

వర్క్‌షాపు వెనకాల వాళ్ళుంటున్న గదుల్లోంచి తల్లి వచ్చింది. "మీ ఇద్దరి మొహమాటంతో రోడ్డున పడేలా ఉన్నాం. పదండి ప్లీడరమ్మగారూ. మేస్త్రిగారూ, మీరు చొక్కా మార్చుకోండి. ఆ రంపప్పొట్టుతో వెళ్తే ఆవిడ కూర్చోమని కూడా అనదు."

ఆవిడంటే, సివిల్ అప్పీళ్ళలోనే జుట్టు నెరిసిన లాయరమ్మ. కేసు కాగితాలు ముందే తెప్పించుకుని చదివేసింది. కుర్చీల మీది ఫైళ్ళు తనే తీసి కూర్చోబెట్టింది.

"అప్పీల్లో కొత్త సాక్షుల్ని తేవడం దాదాపు కుదరదమ్మా. కింది కోర్టులో నువ్వు వండిందే నేను వడ్డించాలి," అంది కూతురితో. "మీ పెద్దమ్మ బోనెక్కి, పంపకం సంగతి తెలియదంది. నువ్వు లేచి ప్రశ్నలేమీ లేవన్నావు. అడక్కపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మిగతా కేసంతా చక్కగా నడిపావు. అక్కడెందుకు ఊరుకున్నావు?"

కూతురు తలవంచుకుని కాగితాలు సర్దింది. చిన్నప్పుడు తల్లి మంచాన పడితే, తనని చంకనేసుకుని తిప్పింది ఆ పెద్దమ్మే. పంపకం రోజు అందరికీ కాఫీలందించిందీ ఆవిడే. ఆ మాట అడిగితే నిండు కోర్టులో ఆవిడ అబద్ధం బయటపడేది.

"నేనే అడగొద్దన్నానండీ," అన్నాడు వడ్రంగి.

లాయరమ్మ తండ్రిని చూసింది, కూతుర్ని చూసింది. "సరే. ఆ చిల్లు నేను పూడ్చలేను. ఇన్నేళ్ళూ వర్క్‌షాపు మీ చేతిలోనే ఉంది, అన్నగారు ఏనాడూ అడ్డు చెప్పలేదు. దాని మీద నిలబడతాను. ముందు ఖాళీ చేయించకుండా స్టే అడుగుదాం. గెలిపిస్తానని మాత్రం మాటివ్వను."

కేసు ఆవిడకి అప్పగిస్తూ కూతురు సంతకం చేసింది. ఏమీ అనిపించలేదు.

బస్టాపులో అడిగింది. "నాన్నా, మీరు అడగొద్దనలేదు."

"అనలేదు."

"మరి అలా చెప్పారేం?"

ఆయన అరిచేతిలోని కాయల్ని చూసుకున్నాడు. "ఆ రోజు నువ్వు లేచినప్పుడు నా గుండె ఆగినంత పనైంది పిచ్చుకా. మా వదినని నిలదీస్తావేమోనని. ప్రశ్నలు లేవన్నావు. అమ్మయ్య అనుకున్నాను. నోరు మూసుకున్నది నువ్వొక్కదానివే కాదు."

కూతురు ఆయన భుజమ్మీద తల పెట్టి ఏడ్చింది, తీర్పు వచ్చాక మొదటిసారి. తల్లి ఇటు తిరక్కుండా చేతిరుమాలు అందించింది. "అడగాల్సి వస్తే నేనూ అడగలేకపోయేదాన్ని," అంది.

వర్క్‌షాపుకి దారి ముందింటి గుమ్మం మీదుగానే. కేసు మొదలైనప్పటి నుంచీ వీళ్ళు కనబడగానే పెద్దమ్మ తలుపు వేసేసుకునేది. ఇవాళా తలుపు మీద చెయ్యేసింది. పిల్ల మొహం చూసి ఆగింది.

"కళ్ళలా ఉన్నాయేమే? అన్నం తిన్నావా?"

అలవాటుగా వచ్చేసిన మాట. అనేశాక తనే బిత్తరపోయింది.

"లేదు పెద్దమ్మా," అంది కూతురు.

పెద్దమ్మ తలుపు వెయ్యకుండా లోపలికెళ్ళింది. వంటింట్లో కంచం తీసిన చప్పుడైంది.