మూలసీటు పచ్చదీపం

ఆఫీసు ఐదో అంతస్తులో ఆ మూలసీటు దగ్గరికి చీకటి పడ్డాక ఎవ్వరూ వెళ్ళరట. అక్కడ పనిచేసే పెద్దాయన కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. పోయి ఏడాదైనా ఆయన కంప్యూటరు ఆరదు. తెర మీద బాణం గుర్తు... దానంతటదే కదులుతుంది!

"పాపం, ఇంకా పని తెమల్లేదు కాబోలు," అని గుసగుసలాడుకునేవాళ్ళు. తీసేయించండి మొర్రో అంటే, పైనుంచి ఆర్డరు రావాలన్నారు. పైనుంచి ఎప్పుడేం వచ్చింది గనక!

ఆ అంతస్తులో ఒకమ్మాయిది రాత్రి డ్యూటీ. ఏం డ్యూటీ అనుకున్నారు? ఒక పట్టికలోని అంకెలు ఇంకో పట్టికలోకి ఎక్కించడం. పొద్దున్నే ఇంకొకామె వాటిని మళ్ళీ మొదటిదాంట్లోకి మారుస్తుంది. ఎందుకో ఎవరికైనా తెలిస్తే ఒట్టు! కాస్త చెయ్యి ఆపితే చాలు, తెర మీద పేరు పక్కనుండే పచ్చదీపం పసుపైపోతుంది. వేరే ఊళ్ళో కూర్చున్న మేనేజరుకి మనుషులు అక్కర్లేదు, ఆ దీపాలు చాలు.

ఆ రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మని ఆపరేషనుకి తీసుకెళ్తున్నారు... నిన్నే కలవరిస్తోంది. తొందరగా రావే."

ఆమె మేనేజరుకి ఫోన్ చేసి సెలవడిగింది.

"నీ దీపం ఇప్పటికే తెగ పసుపవుతోందమ్మా," అన్నాడాయన. "ఆ మూలసీటాయన్ని చూసి నేర్చుకో. ఇప్పుడు వెళ్ళావో, ఇక రానక్కర్లేదు." టక్కున పెట్టేశాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాణ్ణి చూసి నేర్చుకోవాలా! విసవిసా మూలకి నడిచింది.

చీకట్లో తెర వెలుగుతోంది. బాణం సన్నగా జరిగింది... ఆగింది — మళ్ళీ జరిగింది.

 ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, మౌసు ఎత్తేసింది.

కింద... చేతివాచీ! సెకన్ల ముల్లు తిరుగుతుంటే, పైన ఎవరో మౌసు కదుపుతున్నారని కంప్యూటరు అనుకుంటోంది.

ఓరి నీ దుంపతెగ, దీనికా ఇంతమంది హడలి చచ్చింది! మౌసుని మళ్ళీ వాచీ మీదే పెట్టి, మేనేజరుకి ఫోన్ కొట్టింది.

"సార్, మూలసీటాయన పోయి ఏడాదైంది. నేనిప్పుడు ఆయన బల్ల దగ్గరే ఉన్నాను."

 ఆయన గొంతు తగ్గించి అన్నాడు —

"అమ్మా... ఆ వాచీ మాత్రం తియ్యకు."

 వాచీ ఊసు ఆమె ఎత్తనేలేదు!

"ఆయన పోయినరోజు పరామర్శకి వచ్చి నేనే పెట్టాను. మన టీము పచ్చదీపాల సగటు ఆయన మీదే నిలబడి ఉంది తల్లీ. నువ్వు సెలవు తీసుకో... నీ మౌసు కింద కూడా ఒకటి పెట్టుకుని వెళ్ళు."

"చచ్చాక కూడా వదలరట్రా మనిషిని!" అని అరిచి, వాచీ లాగి గోడకేసి కొట్టింది. బాణం ఆగిపోయింది. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

ఆమె ఆస్పత్రికి చేరేసరికి స్ట్రెచరు ఇంకా ఆపరేషను గది తలుపు బయటే ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుంది.