నత్త మంత్రికి ఒక ఓటు

"ఆ సినిమా తెచ్చినవాళ్ళెవరో గానీ, ముందు వాళ్ళ కళ్ళు పరీక్ష చేయాలి," అన్నాడు కళ్ళజోళ్ళబ్బాయి.

కుర్చీలో కూర్చున్న అమ్మాయి ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము ఉంది. ఒక కంటికి మూత. రెండో కన్ను అతన్ని నిదానంగా చూసింది.

"అందుకే వచ్చాను. చేయండి," అంది. "తెచ్చింది నేనే."

అతని చేతిలో అద్దం జారింది. పగల్లేదు. పరువు మాత్రం పోయింది.

వీధి చివరి సినిమా హాలు యజమాని కూతురు ఆమె. ప్రొజెక్టర్ నడిపేది కూడా ఆమే. బొమ్మ మసకగా ఉందని జనం కేకలు పెడుతుంటే, లోపం ప్రొజెక్టర్‌దో తన కళ్ళదో తేల్చుకుందామని వచ్చింది.

"ఇది స్పష్టంగా ఉందా?" అద్దం మార్చాడు. "ఇదా?"

"రెండోది. సినిమాలో మీకు ఏం నచ్చలేదు?"

"నత్త."

"అందులో ఉన్నదే నత్త."

"అదే చెబుతున్నానండీ."

ఎక్కడో పరాయి దేశంలో తీసిన బొమ్మల సినిమా అది. అందులో ఒక నత్తకి రోడ్ల మంత్రి పదవి ఇస్తారు. మంత్రిగారిని దాటి ఎవరూ పోకూడదని చట్టం వస్తుంది. ఊరంతా ఆయన వెనకే పాకుతుంది, మంటలార్పే బండి కూడా. చివరికి తాబేలుని అతివేగం నేరం కింద జైల్లో వేస్తారు. ఇంటర్వెల్ ముందు మంత్రిగారు ఒక కాగితం మీద సంతకం చేస్తారు. పెన్నుతో కాదు, ఒంటితో, పాకుతూ. ఆ సంతకం మొదలయ్యాక హాల్లోంచి ఒకాయన బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాడు. ఇంకా మొదటి అక్షరమే నడుస్తోంది.

ఆ ఒక్క సంతకం దగ్గర వీధి రెండుగా చీలింది. బ్యాంకు మేనేజర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆయన గుమాస్తా నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. హెడ్మాస్టరూ ఆయన భార్యా కలిసి వచ్చి, విడివిడిగా ఇంటికి వెళ్ళారు. సెలూన్ ఆయన ఆ సినిమా మెచ్చుకున్నవాడి తల సగంలో ఆపి, వాదన తేలాకే మిగతా సగం కత్తిరించాడు.

కళ్ళజోళ్ళబ్బాయి ఆదివారం తల్లిని తీసుకుని వెళ్ళాడు. తల్లి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అతను ఆవులించాడు.

"ఒకసారికే తేల్చేయకండి," అంది ఆ అమ్మాయి, ఫ్రేము తీసి అతని చేతికిస్తూ. "ఇంకోసారి రండి."

వెళ్ళాడు. మర్నాడు కూడా వెళ్ళాడు. ఆ మర్నాడు వాన పడుతుంటే గొడుగు మర్చిపోయి మరీ వెళ్ళాడు.

ఆ హాలుకి ఒక పద్ధతి ఉంది, ఆమె తాత పెట్టింది. ఇంటర్వెల్ తర్వాత సినిమా నచ్చినవాళ్ళు ఎడమవైపు కూర్చోవాలి, నచ్చనివాళ్ళు కుడివైపు. శుక్రవారం సాయంత్రం ఆటకి ఆమె నాన్న, వీధంతా పెద్దాయన అని పిలిచే మనిషి, తలలు లెక్కపెడతాడు. ఎడమ బరువైతే సినిమా ఉంటుంది, కుడి బరువైతే పోతుంది. సమానమైతే ఉన్నట్టే. పెద్దాయన తెర చూడడు. తెర కింద స్టూలు వేసుకుని జనం వైపు తిరిగి కూర్చుంటాడు. మాటలు తక్కువ. భార్య పోయాక అవీ తగ్గాయి.

రోజూ ఇంటర్వెల్ తర్వాత కళ్ళజోళ్ళబ్బాయి తిన్నగా వెళ్ళి ఎడమవైపు కూర్చున్నాడు.

గురువారం ఆమె కొత్త కళ్ళజోడు కోసం వచ్చింది. పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అతనూ అద్దంలోకే చూశాడు.

"సంతకం ఇప్పుడెలా అనిపించింది?"

"అద్భుతం."

"దేనికి అద్భుతం?"

అతను కౌంటర్ తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "నత్త... చాలా నెమ్మదిగా..."

"మీకు అబద్ధం చెప్పడం రాదు," అంది. "నేర్చుకోకండి. కళ్ళు చూసేవాడు అబద్ధం చెబితే జనం గోతిలో పడతారు."

అతను మాట మార్చాడు. "ఆరు నెలలకి వచ్చి మళ్ళీ పవర్ చూపించుకోండి."

"అప్పటికి ఇక్కడుంటే కదా. ఏడాదంతా బతిమాలితే నాన్న ఒక్క సినిమా నన్ను ఎంచుకోనిచ్చారు. ఇది నిలిస్తే ఇకమీదట సినిమాలన్నీ నా ఇష్టం. పోతే, వేరే ఊళ్ళో మా అన్నయ్య టైర్ల దుకాణంలో కూర్చోవాలి. ప్రొజెక్టర్‌కి జీతగాణ్ణి పెడతారట."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అయితే రేపు ఎడమవైపే..."

"వద్దు. అబద్ధం మీద నిలబడే సినిమా నాకక్కర్లేదు. నచ్చకపోతే కుడివైపు కూర్చోండి." తలుపు దగ్గర ఆగింది. "టైర్ల వాసన అలవాటవుతుందిలెండి."

ఆ రోజు అతను ఇద్దరికి ఒకరి కళ్ళజోడు ఒకరికిచ్చి పంపాడు. ఇద్దరూ తిరిగొచ్చి తిట్టారు.

శుక్రవారం హాలు నిండింది. నచ్చినవాళ్ళు నిలబెట్టడానికి వచ్చారు, నచ్చనివాళ్ళు పడగొట్టడానికి వచ్చారు. అందరూ టిక్కెట్టు కొన్నారు. ఇంటర్వెల్ కాగానే తోసుకుంటూ సర్దుకున్నారు. హెడ్మాస్టర్ కుడివైపు, భార్య ఎడమవైపు, మధ్యలో వాళ్ళ సంచి.

పెద్దాయన స్టూలు మీంచి లేచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"రెండు వైపులా సమానం," అన్నాడు. "మధ్యలో నిలబడ్డవాడెవడు?"

దారిలో కళ్ళజోళ్ళబ్బాయి ఒక్కడే ఉన్నాడు.

"ఒరేయ్, ఇటు రారా," అంది తల్లి ఎడమవైపు నుంచి. "నా పక్కన చోటుంది."

"తమ్ముడూ, మగాడివైతే ఇటు రా," అన్నాడు సెలూన్ ఆయన. "జన్మంతా కటింగ్ ఫ్రీ."

అతను తలెత్తి వెనక గోడలో ఉన్న ప్రొజెక్టర్ కిటికీ వైపు చూశాడు. కొత్త కళ్ళజోడు మెరిసింది. ఆ అద్దాలు అతను బిగించినవే. వాటి వెనక నుంచి చూస్తున్న మనిషి దగ్గర అతనికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు. తిన్నగా నడిచి కుడివైపు కూర్చున్నాడు.

కుడివైపు ఈలలు లేచాయి.

"ఏ ఘడియన కన్నానో వీణ్ణి," అంది తల్లి.

"ఆగండి," అన్నాడు పెద్దాయన. హాలు ఆగింది. "ఏమయ్యా, ఇప్పుడు చూసిన సగంలో నత్త తల మీద టోపీ ఏ రంగు?"

అతను ఆలోచించాడు. "ఎరుపండీ."

హాలంతా గొల్లుమంది. ఎడమా కుడీ కలిసి నవ్వడం వారంలో అదే మొదలు.

"నత్తకి టోపీ లేదు," అన్నాడు పెద్దాయన. "వారమంతా నేనిక్కడ కూర్చుని మీ అందరి ముఖాలూ చూశాను. ఇతని ముఖం మాత్రం ఆదివారం ఆవులింతలో చూశాను, మళ్ళీ ఇప్పుడే చూడటం. మధ్యలో నాకు కనిపించింది తల వెనక సుడి. అది బాగా గుర్తు. సినిమా చూసేవాడు ముందుకి చూస్తాడు. ఇతను వెనక్కి తిరిగి మా అమ్మాయి కిటికీ చూశాడు. చూడని సినిమాకి ఓటేమిటి? చెల్లదు. సమానం. సినిమా ఉంటుంది."

ఎడమవైపు కుర్చీలు అదిరిపోయాయి. కళ్ళజోళ్ళబ్బాయి చెవులు, నత్తకి లేని ఆ టోపీ రంగుకి వచ్చాయి.

వెనక కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది.

"ఏవండీ, అటు తెర, ఇటు కిటికీ," అంది ఆ అమ్మాయి. "ఏది స్పష్టంగా ఉంది? అదా, ఇదా?"

"రెండోది," అన్నాడు.

"తొందరపడకండి. ఇంకోసారి చూసి చెప్పండి."

"వారం నుంచి అదే చూస్తున్నాను. పవర్ మారలేదు."

"నాన్నా, సెకండాఫ్ వేసేదా?" అంది, కళ్ళజోడు సర్దుకుంటూ.

"వెయ్యి. నత్త కంటే నెమ్మదిగా ఉన్నారు మీ ఇద్దరూ."

"అన్నయ్యగారూ," అంది కళ్ళజోళ్ళబ్బాయి తల్లి, కూర్చున్న చోటి నుంచే. "రేపు మీ ఇంటికొస్తాను."

"భోజనానికి రండి. వంట నాది. బాగుంటుందని మాటివ్వను."

దీపాలు ఆరాయి. కిటికీలోంచి వెలుగు పాయ అందరి తలల మీదుగా తెర మీద పడింది. తాబేలు జైలుకి బయలుదేరింది. సగం హాలు నవ్వింది, సగం హాలు నిట్టూర్చింది. కళ్ళజోళ్ళబ్బాయి పద్ధతిగా ముందుకి చూశాడు. కాసేపే. మెడ దానంతటదే తిరిగింది.

పెద్దాయన చీకట్లో చప్పుడు కాకుండా వచ్చి అతని భుజం తట్టాడు. వెంటబెట్టుకుని తెర కిందికి తీసుకెళ్ళాడు. తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి, జనం వైపు తిప్పి కూర్చోబెట్టాడు.

"ఇక్కణ్ణుంచి కిటికీ తిన్నగా కనిపిస్తుంది," అన్నాడు. "మెడ పట్టేయదు."