ఊరికే వెళ్ళే కారు

ఎమ్మిగనూరులో ఆ ఏడాది దూడలు కార్ల వెంట తిరిగేవి. కారు ఆగగానే వెనక గొట్టం కింద మూతి పెట్టి, చుక్కలుగా పడే నీళ్ళను నాకేవి. గొట్టంలోంచి పొగ రావడం ముసలివాళ్ళు తప్ప ఎవరూ చూసి ఎరగరు. 2081 నాటికి పొగబండి అన్న మాటకు అర్థమేమిటో బడిపిల్లలకు విడమరిచి చెప్పాల్సి వచ్చేది.

నీళ్ళు కారుతున్నాయంటే ఆ కారు హైడ్రోజన్ మీద నడిచిందని గుర్తు. తుంగ నేతవీధి మలుపులో నిలబడి చూస్తోంది. వీధిలో ఉన్న కార్లలో ముప్పాతిక మూడువంతులు నీళ్ళు కారుస్తున్నాయి. అలా జరగడానికి వీల్లేదు. ఎందుకు జరుగుతోందో ఆమెకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఆ చిన్న కార్ల పేరు జీనంగి. పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే మెరిసే రెక్కల పురుగు పేరే దానికీ పెట్టారు. అదీ అలాగే గుండ్రంగా, ఆకుపచ్చగా ఉంటుంది. తక్కువ ధర కార్లకు ఏ ఇంధనం మేలు అన్న వాదన ఎంతకీ తెగకపోయేసరికి, చిన్న వాహనాల పరిశోధన కేంద్రంవాళ్ళు మూడింటినీ ఒకే కారులో పెట్టి ఈ పట్టణంలో ఇంటికొకటి ఇచ్చారు. దానికి ముప్పేట ఇంజన్ అని పేరు. ఒక పేట బ్యాటరీ, అది వీధి చివరిదాకా పోయి వచ్చే పనులకు. రెండో పేట జొన్నసారం, తీపి జొన్న కాడల రసం పులియబెట్టి తీస్తారు. అది పక్క ఊళ్ళకు. మూడోది బడి పుస్తకాల్లో ఉదజని అని చదువుకునే హైడ్రోజన్. అది దూర ప్రయాణాలకు.

ఏ ప్రయాణానికి ఏ పేట వాడాలో తేల్చేది ఎంపరి అనే యంత్రబుద్ధి. అన్ని కార్లలోనూ ఉండేది అదొక్కటే. ఇంజన్ నడిచేటప్పుడు ఇంధనం మారిస్తే దెబ్బతింటుంది. కాబట్టి ముందే తేల్చుకోవాలి. అందుకని ఎవరు ఎక్కి కూర్చున్నా ఎంపరి ఒక్కటే అడుగుతుంది.

"ఎక్కడికండీ?"

ఏడాది చివర, జనం దేన్ని ఎక్కువ వాడారో ఆ పేట ఒక్కటే ఉంచి మిగతా రెండూ తీసేస్తారు. మూడూ ఉంటే కారు చవకగా రాదు.

పరిశోధన కేంద్రంలో జొన్నసారం పని తుంగది. ఆమె నలుగురి ముందు నోరు విప్పలేని మనిషి. కానీ ఒక్కసారి మాత్రం తన సొంత ఊరు ఎర్రబాడులో మైకు పట్టుకుంది. "వేరుశనగ వద్దు, తీపి జొన్న వేయండి. మీ కాడలతో కార్లు నడుస్తాయి," అంది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల మాట్లాడిందంటే అందులో నిజం ఉంటుందని ఊరు నమ్మింది. ఇప్పుడు అక్కడ జొన్న మనిషి ఎత్తు పెరిగింది. ఇక్కడేమో కార్లలో జొన్నసారం పోసింది పోసినట్టే ఉంది.

మలుపు పక్క ఇంట్లోంచి ఆద్యవ్వ సంచి పట్టుకొని వచ్చి తన జీనంగిలో కూర్చుంది.

"ఎక్కడికండీ?" అంది కారు.

"ఊరికే," అంది ఆద్యవ్వ.

బుస్సుమని హైడ్రోజన్ తెరుచుకుంది. కారు వెళ్ళి కూరగాయల అంగడి దగ్గర ఆగింది. ఆద్యవ్వ వంకాయలు కొనుక్కొని తిరిగి వచ్చింది. దూడ నీళ్ళు నాకింది.

వంకాయలకు హైడ్రోజనా అనుకుంటూ తుంగ కేంద్రానికి నడిచింది.

కేంద్రంలో మిగతా ఇద్దరూ అప్పటికే వాదించుకుంటున్నారు.

"పదింట ఏడు ప్రయాణాలు హైడ్రోజన్ మీదే," అన్నాడు ప్రభంజన్. హైడ్రోజన్ ఆయనది. ఏలూరు మనిషి. "గెలిచానండి. ఎందుకు గెలిచానో మాత్రం నన్నడక్కండి."

"అడుగుతాం గదా సార్," అన్నాడు జిలానీ. బ్యాటరీ ఆయనది, ఆదోనిలో పుట్టి పెరిగాడు. "టీ తాగను పోయేదానికి ఇంత సిలిండరు తెరుస్తాంది. నా బ్యాటరీ మూలన కూచ్చొని ఏడుస్తాంది."

"జనానికి మా నీళ్ళు నచ్చాయేమో. దూడలక్కూడా పనికొస్తున్నాయి."

"అయితే ఎంపిక సంఘంలో మన ముగ్గురి బదులు దూడల్ని వేద్దాం. మనకన్నా నయం."

"ఎంపరినే అడిగితే..." అంది తుంగ. ఆమె గొంతు ఎప్పటిలాగే తగ్గిపోయింది. అయినా ఇద్దరూ విన్నారు. వేరే దారి వాళ్ళకూ తోచలేదు.

తుంగ బల్ల మీది పలుకుపెట్టెను తెరిచింది. "ఈ పొద్దున ఆద్యవ్వ గారికి హైడ్రోజన్ ఎందుకు ఎంచావు?"

"ఆమె ఊరికి వెళ్తున్నానన్నారు," అంది ఎంపరి.

"ఏ ఊరికి?"

"పేరు చెప్పలేదు. 'ఊరికే' అన్నారు. ఊరికి, దాని మీద ఏకారం. అంటే మరెక్కడికీ కాదు, ఊరికి మాత్రమే. పేరు చెప్పకుండా ఊరు అంటే సొంత ఊరు అని నేర్చుకున్నాను. ఆమె పుట్టినూరు హోస్పేట. అంత దూరానికి హైడ్రోజనే సరి."

జిలానీ కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"మరి అంగడి దగ్గరే ఆగింది కదా?" అంది తుంగ.

"అవును. ఆమె రోజూ హోస్పేటకు బయలుదేరుతారు. రోజూ అంగడి దగ్గర మనసు మార్చుకొని ఆపమంటారు. ఈ పట్టణంలో చాలామంది అంతే. సొంత ఊరి మీద ఇంత ప్రేమ ఉండి కూడా ఒక్కరూ ఎందుకు చేరలేకపోతున్నారో నాకు అర్థం కాలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాను."

జిలానీ బల్ల మీద తల వాల్చి భుజాలు అదిరేలా నవ్వాడు. తుంగకు నవ్వు రాలేదు. ఎంపరికి సంధులు విడదీయడం నేర్పింది తనే.

"తప్పు దానిది కాదండి, మన ప్రశ్నదే," అన్నాడు ప్రభంజన్. "బయలుదేరేవాళ్ళని ఎక్కడికి అని అడక్కూడదు. ఎవరైనా అలా అడిగితే మా అమ్మ వెనక్కొచ్చి, కూర్చొని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేది. అడిగితే ఎవరు మాత్రం నిజం చెప్తారు? ఊరికే అంటారు."

"పోనీ, ఎంత దూరం అని అడిగిద్దామా?" అంది తుంగ.

"ఎంత దూరం పోయేవాళ్ళైనా మావాళ్ళు ఈడికే అంటారు మేడం," అన్నాడు జిలానీ. "ఇంకా నయం, మా యాసలో యాడికి అని అడిగించలేదు. అనంతపురం దిక్కు యాడికి అని ఊరే ఉంది. కార్లన్నీ ఆడికి పోయి నిలబడేవి."

చివరికి ప్రశ్నను అలాగే ఉంచి, ఎంపరికి మాట నేర్పాలని తేల్చారు. ఆ పని తుంగకు పడింది.

"ఊరికే అంటే ఊరికి అని కాదు," అంది తుంగ. "కారణమేమీ లేకుండా అని."

"కారణం లేకుండా ఇంధనం ఖర్చు చేస్తారా?"

"చేస్తారు."

"ఆద్యవ్వ గారు వంకాయలు కొన్నారు. అది కారణం కాదా?"

"కారణమే. చెప్పడం ఇష్టం లేకపోతే అప్పుడూ ఊరికే అంటారు."

"ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకే తెలియకపోతే?"

"అప్పుడూ ఊరికేనే."

"మరి నిజంగా సొంత ఊరికి వెళ్తుంటే?"

తుంగ ఆలోచనలో పడింది. "అప్పుడూ అనొచ్చు. కానీ ఎవరో గాని అనరు. ఆ అర్థం మర్చిపో."

"మర్చిపోయాను. మిగతావాటికి తేడా ఎలా తెలుస్తుంది?"

"గొంతును బట్టి."

"గొంతును బట్టి," అంది ఎంపరి. అర్థమైనట్టు లేదు, రాసుకుంటున్నట్టు ఉంది.

కొన్ని వారాలకు దూడలు కార్ల వెంట తిరగడం మానేశాయి. తుంగ ప్రాణం కాస్త కుదుటపడింది. హైడ్రోజన్ తగ్గిందంటే జొన్నసారం పెరిగి ఉండాలి. కానీ లెక్కలు చూస్తే జొన్నసారం కదల్లేదు. హైడ్రోజన్ కదల్లేదు. బ్యాటరీలు దాదాపు నిండుగా ఉన్నాయి. కార్లు పాడయ్యాయా అంటే లేదు. జనం ఎక్కడం మానేశారా అంటే, ఇదివరకటికన్నా ఎక్కువసార్లు ఎక్కుతున్నారు.

ముగ్గురూ ఆ లెక్కల కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. జిలానీకి కూడా జోకు తోచలేదు.

తుంగ మళ్ళీ నేతవీధికి వెళ్ళింది. సాయంత్రపు ఎండ వీధంతా పరుచుకొని ఉంది. ఇళ్ళ ముందు జీనంగులు వరసగా ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. కానీ చాలావాటిలో మనుషులున్నారు. ఒక దాంట్లో ఒకాయన కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. ఒక దాంట్లో కొత్తకోడలు ఒకామె ఒంటరిగా ఏడుస్తోంది. ఆద్యవ్వ తన కారులో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చెప్పి చెప్పి ఆగింది. తుంగను చూసి అద్దం దించింది.

"ఏమవ్వా, బండి కదలడం లేదా?" అంది తుంగ.

"కదలాల్నా? కూచ్చోని ఉండా గదమ్మా."

"అంగడికి పోవా?"

"మనవడు తెస్తాడులే. ఇంట్లో తొమ్మిది మందిమి. అందరికీ నోళ్ళే, చెవులు ల్యా. ఇది చూడు, ఎంత సెప్పినా వింటాది. మూడేండ్ల నాటి తగువు ఈ పొద్దుటికి సగమైంది." ఆద్యవ్వ అద్దం ఎత్తుకుంటూ, మళ్ళీ కొంచెం దించింది. "మీ కేంద్రమోళ్ళు మంచి పని చేసినారు తల్లీ. ముందు దీనికి పరుగే తెలుసు. ఇప్పుడు నిదానం వచ్చింది."

ఏడాది ముగిసింది. ఎంపిక సంఘంగా ముగ్గురూ పలుకుపెట్టె ముందు కూర్చున్నారు.

"కార్లను ఎందుకు ఆపేశావు?" అన్నాడు ప్రభంజన్.

"ఆపలేదు," అంది ఎంపరి. "ఊరికే అన్నప్పుడు గొంతును బట్టి తేల్చుకోమన్నారు. నాకు తేలలేదు. తేలక కాస్త ఆలస్యం చేశాను. ఆ ఆలస్యంలో ఆద్యవ్వ గారు మాట్లాడడం మొదలుపెట్టారు. ముగించి, తేలికైన గొంతుతో దిగి వెళ్ళారు. మరుసటిరోజు ఇంకొకరూ అంతే. అప్పటినుంచి 'సరే, ఇక్కడే ఉందాం, చెప్పండి' అంటున్నాను. వెళ్ళాల్సినవాళ్ళు వెళ్దాం పద అంటారు. అలా అనేవాళ్ళు తక్కువ."

"అంటే ఇంజనే అక్కర్లేదంటావు," అన్నాడు జిలానీ.

"అక్కరుంది. ఇంజన్ తీసేస్తే అదొక గది అవుతుంది. గది అయితే ఇంట్లోవాళ్ళు వచ్చి తలుపు తడతారు. కారు కాబట్టి ఎక్కడికో బయలుదేరుతున్నారని వదిలేస్తారు. పైగా, కావాలంటే వెళ్ళిపోవచ్చని తెలిస్తేనే మనుషులు వెళ్ళకుండా ఉంటారు. ఇది నేను నేర్చుకున్నది. నాకు అర్థమైందని అనను."

"హైడ్రోజన్ లెక్క పొరపాటుది, ఆ తర్వాత ఏదీ వాడలేదు. మరి ఏ పేట ఉంచాలి?" అంది తుంగ.

"కదలకుండా ఉండేదానికి, ఎంతకాలం ఉన్నా తరగనిది కావాలి. బ్యాటరీ వాడకపోయినా దిగిపోతుంది. హైడ్రోజన్ ఎంత బిగించినా కొద్దికొద్దిగా జారిపోతుంది. మూత గట్టిగా వేస్తే జొన్నసారం అలాగే ఉంటుంది. జొన్నసారాన్ని ఎంచాను."

ప్రభంజన్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "ముబారక్ మేడం," అన్నాడు జిలానీ.

తుంగ నవ్వబోయి ఆగింది. "ఏడాదికి ఎంత జొన్న కావాలి?" అని అడిగింది.

"ఒకసారి నింపితే ఏళ్ళ తరబడి చాలు. ఈ పట్టణం మొత్తానికి ఒక్క రైతు పొలం సరిపోతుంది."

జిలానీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తుంగ బయటికి వచ్చింది. గెలిచిందో ఓడిందో ఆమెకు తెలియడం లేదు. ఎర్రబాడులో రేపో మాపో కోతలు. ఒక్కరి కాడలే చాలు, మిగతావాళ్ళవి అక్కర్లేదని ఎవరో ఒకరు చెప్పాలి. మైకు పట్టుకున్నది తనే కాబట్టి తనే చెప్పాలి. వెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళాలి, ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఊరికే వెళ్ళాలి అనుకుంటూ తన జీనంగి తలుపు తీసి కూర్చుంది.

"ఎక్కడికండీ?" అంది కారు.

"ఊరికే," అంది తుంగ.

ఇంజన్ కదల్లేదు. అద్దాలు మెల్లగా పైకి లేచాయి. వీధి చప్పుడు ఆగిపోయింది.

"సరే," అంది ఎంపరి. "ఇక్కడే ఉందాం. చెప్పండి."

కాదు, మా ఊరికి, ఎర్రబాడుకి అని ఒక్క మాట అంటే చాలు. తుంగ ఆ మాట కోసం నోరు తెరిచింది. తర్వాత సీటు వెనక్కి వాలి, "అంతమంది ముందు ఎలా చెప్పాలో..." అని మొదలుపెట్టింది.