పురుగు తల తిప్పుకుంది

నలభై ఒకటో రోజు పొద్దున ఎర్రచీమల బారు హన్విక కాలి దగ్గరికి వచ్చి, జానెడు దూరంలోనే రెండుగా చీలి, ఆమెను చుట్టుకుని వెళ్ళిపోయింది. అరుగు మీద కూర్చుని ఆమె అంతా చూసింది. గడువు నిన్నటితో ముగిసింది. చీమలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మదనపల్లె చుట్టుపక్కల చేత్తో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు ఇక మూడే మిగిలాయి. అందులో ఒకటి ఈ అక్కచెల్లెళ్ళది. పెద్దామె మోక్షితకు అరవై మూడేళ్ళు, హన్వికకు యాభై ఆరు. ఒకప్పుడు పసిపిల్లలకు ముద్దుగా పెట్టిన పేర్లు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో తిరుగుతున్నాయి. గూడు కట్టే అదనుకు పండిన పురుగును గుర్తుపట్టడంలో హన్వికను మించినవాళ్ళు లేరని తెలిసి, లావోస్ వాళ్ళు తమవాళ్ళకు నేర్పమని ఐదు నెలలకు పిలిపించుకున్నారు.

విదేశానికి పోయే ప్రతి మనిషికీ ఆ రోజుల్లో చర్మవనం తప్పనిసరి. దోమల చుట్టలు, స్ప్రేలు, పూతమందులు నిషేధించి ముప్పై ఏళ్ళయింది. వాటికి బదులు ఒంటి మీద కంటికి కనబడని సూక్ష్మజీవుల తోట పెంచుతారు. విమానాశ్రయంలో పచ్చటి గంజిలాంటిది ఒళ్ళంతా పూస్తారు. మూడు రోజుల్లో అది చర్మం మీద కుదురుకుని, మన ముక్కుకు అందని వాసనేదో వదులుతుంది. దోమ వాలదు, నల్లి దగ్గరికి రాదు. విషం లేదు, అంతా సహజం. తిరిగొచ్చాక నలభై రోజుల్లో దానంతటదే వాడిపోతుంది. ఈలోగా తాకినవాళ్ళకూ అంటుకుంటుంది. అది ఇంటిల్లిపాదికీ ఉచితంగా దక్కే రక్షణ అని కరపత్రంలో గొప్పగా రాసుకున్నారు. పట్టుపురుగు కూడా పురుగేనన్న సంగతి ఆ రాసినవాడి బుర్రకు తట్టలేదు. లావోస్‌లో హన్విక గాజుగోడ ఇవతల నిలబడే పని నేర్పింది; ఇక్కడి షెడ్డుకు అలాంటి గోడ లేదు.

అందుకే నలభై రోజులుగా హన్విక తిండీ నిద్రా అరుగు మీదే. అక్క కంచం పెట్టి దూరం జరిగేది. విమానం దిగి ఇంటికొచ్చిన రోజు కూడా ఇద్దరూ బారెడు ఎడంలో నిలబడే పలకరించుకున్నారు. గడువు ముగిసేసరికి పురుగులు పండేలా లెక్క చూసుకుని మరీ ఈ విడత గుడ్లు పొదిగించారు.

మోక్షిత చేటలో ఒక మల్బరీ ఆకూ, దాని మీద వేలెడంత పురుగూ తెచ్చి అరుగు అంచున పెట్టింది.

"చూడు పాపా. నలభై దినాలు అయిపాయ గదా."

హన్విక చెయ్యి చాపింది. ఆకు తింటున్న పురుగు ఆగింది. తలెత్తి అటూ ఇటూ ఆడించింది. ఆమె వేళ్ళకు ఎదురుదిక్కుకు తల తిప్పుకుని పాకడం మొదలుపెట్టింది. చేట అంచు దాటి పడబోతుంటే మోక్షిత గబుక్కున పట్టుకుంది.

హన్విక చెవి వెనకనున్న పలుకుబిళ్ళను నొక్కి, ఇదింకా ఎందుకు వాడిపోలేదని ప్రయాణరక్షణ కార్యాలయాన్ని అడిగింది. అవతలి ఉద్యోగి ఎంతో మర్యాదస్తుడు.

"మీ అరచేతులు ఎలా ఉంటాయమ్మా?"

"ఎట్లుంటాయి సార్? ఆకు కోసే చేతులు. అన్నీ పగుళ్ళే."

"మెత్తటి చర్మం మీదైతే నలభై రోజులేనమ్మా. పరీక్షలన్నీ అలాంటి చేతుల మీదే జరిగాయి. పగుళ్ళలో పడితే అది పాతుకుపోతుందని ఈమధ్యే తెలిసింది. తీసేయడానికి మందు లేదు."

"అయితే ఎన్నాళ్ళుంటాది?"

"బహుశా ఉండిపోతుందమ్మా. మీ ఆరోగ్యానికి మాత్రం ఏ హానీ లేదు. పూర్తిగా సహజమైనది."

"సహజమేలే సార్," అంది హన్విక. నాలుగు తిట్లు తిట్టాలనుంది. అందుకు కావలసిన ఓపిక ఈ నలభై రోజుల్లో ఎప్పుడో అయిపోయింది.

మధ్యాహ్నానికి పురుగులు పండడం మొదలైంది. పండిన పురుగు మేత మానేస్తుంది, ఒళ్ళు తేనెరంగుకు తిరుగుతుంది. వెంటనే ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రిక అనే వెదురు చట్రం మీద వదలాలి. ఆలస్యమైతే ఆకుల మధ్యే దారం కక్కి పాడుచేస్తుంది. షెడ్డులో నలభై తట్టలున్నాయి. ఏరే మనిషి మోక్షిత ఒక్కతే. ఆమె కంటికి తెలుపుకూ తేనెరంగుకూ తేడా ఆనడం మానేసి రెండేళ్ళయింది. మిగతా రెండిళ్ళకూ ఇదే రోజు పంట, పిలిస్తే వచ్చేవాళ్ళు లేరు.

హన్విక షెడ్డు కిటికీ బయట నిలబడి చెప్పసాగింది. "రెండో తట్టలో ఎడంపక్క నాలుగుండాయక్కా. దాని కింద ఇంగొకటి." పని బాగానే సాగింది. కాసేపటికి కిటికీ పక్క తట్టల్లోని పురుగులన్నీ ఆకు వదిలేసి, అవతలి అంచుకు పోయి ఒకదానిమీద ఒకటి ఎక్కడం ఆమె కంటబడింది. నాలుగడుగులు వెనక్కి తగ్గింది. అక్కడి నుంచి ఏమీ కనబడలేదు.

"ఏం పాపా, మాట్లాడకుండా ఉండావు?" అని లోపలి నుంచి అక్క అడిగింది.

"కనపడలేదక్కా."

ఎండ కొండవాలు దిగుతుండగా మోక్షిత బయటికి వచ్చింది. సగం తట్టలు అలాగే ఉన్నాయి. వచ్చి అరుగు మీద, చెల్లెలి పక్కనే కూలబడింది. హన్విక ఉలిక్కిపడి జరిగింది.

"దూరం కూచో అక్కా. తగిల్తే నువ్వు గూడా లోపలికి పోలేవు."

"నాకు తెల్దా?"

"ఇంకా ఇరవై తట్టలుండాయి."

"ఉండాయి. పచ్చిదాన్ని పండిందని ఏరినా, పండినదాన్ని వదిలేసినా. నువ్వు లేనప్పుడు రెండు పంటలు ఇట్లనే పోగొట్టినా పాపా. అంత దూరంలో ఉండావని చెప్పలేదు. నాకు చాతకాదు. నువ్వొస్తావని ఈ ఒక్క పంటా పెట్టినా, అంతే."

లోపల మేత చప్పుడు తగ్గిపోతోంది, అంటే మిగిలినవన్నీ ఒక్కసారే పండుతున్నాయి. మోక్షిత ఆ చప్పుడు కాసేపు విని, చెయ్యి చాపి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"వచ్చి నలభై దినాలాయ. నిన్ను ఒకసారి గూడా ముట్టుకోలేదు."

హన్విక చెయ్యి లాక్కోవాలనుకుంది. లాక్కోలేదు. అక్క వేళ్ళు ఆమె వేళ్ళ మధ్యకు దూరి బిగుసుకున్నాయి. అవీ ఆకు కోసిన వేళ్ళే.

"ఇంగ లోపలికి ఎవరు పోవాలక్కా?"

"ఎవురూ పోరు," అంటూ మోక్షిత చెల్లెలి భుజం మీద తల వాల్చింది.