కాలు చూడవచ్చినవాడు

నాగర్‌కర్నూల్ బస్టాండులో చినుకులు మొదలయ్యాయి. స్వరూప గబగబా బస్సు మెట్టెక్కబోయింది. ఫట్‌మని చప్పుడు. ఆమె పెట్టుడు కాలి పాదం విరిగి, మనిషి బురదలో కూలబడింది.

వెనకున్న యువకుడు వంగి, ముందు విరిగిన ముక్కను తీశాడు. వెలుతురుకు పెట్టి చూడసాగాడు.

"ఏమయ్యా! పడ్డది నేను. నువ్వు ముక్కను లేపుతున్నవా?"

అతను నాలుక కరుచుకుని చెయ్యందించాడు. "సారీ మేడం, అలవాటయింది. నేను గిట్ల విరిగేటియే చదువుతున్న."

"గవి చదివేటోళ్లు గూడ ఉంటరా?"

వనపర్తి అబ్బాయి మధుకర్. హైదరాబాదులో ఎం.టెక్. ఆటో దొరికేదాకా షెడ్డు కింద నిలబడి చెప్పాడు.

"లోపల ఎపాక్సీ అనే గట్టి జిగురుతోటి చేసిన పట్టీ ఉంటది. బరువుకు విరగదు. అడుగడుక్కు వంగి వంగి అలిసిపోతది. కనబడని పగులు జరంత జరంత పెరిగి, ఒకరోజు ఫట్. కంటికి ఆననంత సన్నటి సిలికా ఇసుక పొడి, నానో పార్టికల్స్ అంటరు, గది జిగురుల కలిపితే పగులుకు దారి దొరకదు. శానా రోజులు ఆగుతది."

"అయితే కొత్తది చేసి తెస్తవా?"

"తెస్త."

చిన్నప్పుడు లారీ కింద కాలు పోయినప్పటి నుంచి అట్లా మాటిచ్చినవాళ్లను ఆమె చాలామందినే చూసింది. కానీ చలి మొదలయ్యేసరికి మధుకర్ నిజంగానే వచ్చాడు. ల్యాబు మిషను మీద లక్షలసార్లు వంచినా చెక్కుచెదరని పట్టీ తెచ్చి, దవాఖానలో పెట్టుడు కాళ్లు బిగించే నిపుణుడితో దగ్గరుండి పెట్టించాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి పగుళ్లు వెతికేవాడు. స్వరూప తల్లి రూతమ్మ చాయ్ పెట్టేది. స్వరూప తన బడి పిల్లల అల్లరి చెబుతుంటే, అతను పాదాన్ని చేతిలోనే మరిచిపోయి వినేవాడు. చర్చిలో ఆఖరి పాట కాగానే ఆమె ఇంటికి పరుగు తీసేది.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేసింది. "నీ థీసిస్ అయినంక వస్తవా? నేను నీకు ఉత్త సాంపిల్‌నేనా?"

మధుకర్ చేతిలోని పాదాన్ని కింద పెట్టాడు. చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం రాలేదు. వారమంతా స్వరూప బడిలో పిల్లల మీద ఊరికే కసురుకుంది. ఆ పై ఆదివారం ముసురులో గేటు చప్పుడైంది. మధుకర్, పక్కనే గొడుగు పట్టుకుని అతని తల్లి లక్ష్మీదేవమ్మ.

"థీసిస్ పోయిన నెలనే అయిపోయింది టీచర్," అన్నాడు చెవులు ఎర్రబడుతుండగా. "మొన్న నువ్వడిగితే నోరు రాలె. అమ్మకు చెప్పనీకి ఊరికి పోయిన."

రూతమ్మ కంగారుపడింది. "మేము చర్చికి పోయేటోళ్లం, వదినా..."

"తెల్సు. రెండు వారాలు గదే పంచాయితి పెట్టుకున్న వీనితోటి. గెల్వలే." లక్ష్మీదేవమ్మ గొడుగు మడిచి స్వరూప చెయ్యి పట్టుకుంది. "ఆదివారమొస్తే మావోడు మీ ఇంట్ల చాయ్ తాగుతుండట. మీరు మా ఇంట్ల తాగేదెప్పుడు?"

రూతమ్మ నోరు తెరవకముందే స్వరూప అంది.

"వచ్చే ఆదివారం వస్తం, అత్తమ్మా."