ఉప్పు బంగళాలో వనజ గొంతు

నౌపడ ఉప్పు మడుల మధ్య, గట్టు చివర పాత బంగళా ఒకటుండేది. దాని పేరెత్తితే చాలు, పట్టపగలు మీసం మెలేసే మగాళ్లు కూడా మాట మార్చేసేవాళ్లు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఉప్పు గుమాస్తా ఒకడు దూలానికి ఉరేసుకున్నాడట. చూసినవాడెవడూ లేడు, చెప్పనివాడూ లేడు.

అది పాత సంగతి. నేను చెప్పేది రెండువేల మూడు, నవంబరు నెల. ఆ నెల్లో బంగళాకి కొత్త దెయ్యం వచ్చింది... ఆడదెయ్యం.

ముందు విన్నవాడు గున్నయ్య. ఉప్పు బస్తాలు మోసే మనిషి, కోతలు కోసే రకం కాదు. నాకు ఈ కథంతా చెప్పిందీ అతనే. పొద్దుగూకి మంచు దిగుతున్న వేళ గట్టు మీద వస్తున్నాడట. తాళం వేసిన బంగళా లోపలనుంచి ఆడగొంతు —

"ఉండండి..."

ఆగాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. లోపల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు... తర్వాత సన్నగా ఒక రాగం. సగంలో పుటుక్కున తెగింది. మళ్లీ మొదటినుంచి — "ఉండండి..."

ఎందుకుంటాడు! చెప్పులు అక్కడే వదిలేసి ఒకటే పరుగు. వారం తిరక్కుండా ఇంకో పదిమంది విన్నారు. ఆ గట్టు మీద మనుషులు నడవడం మానేశారు.

ఈ కబురు పోయి పోయి పలాసలో అక్క ఇంట్లో ఉంటున్న జయకర్ చెవిన పడింది. ఆ బంగళాలో గది అద్దెకు తీసుకుని చర్చి పాటల కేసెట్లు రికార్డు చేసేది అతనే. దెయ్యాల కొంప గనక అద్దె తక్కువ, ఆటోల మోత అసలే లేదు. భార్య వనజ మంచి పాటగత్తె. కానీ మహా సిగ్గరి. ఎన్నిసార్లు బతిమాలినా మైకు ముందుకొచ్చేది కాదు, చర్చిలో పదిమందితో కలిసి పాడితే పాడినట్టు. తర్వాత ఆ పిల్లకి కిడ్నీలు పోయాయి. ఉద్దానం వాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. చివరికి ఒకరోజు తనే, పాడతానంది. ఒక్క రాగం పాడింది. పాడిన గదిలోనే కూలబడింది. జయకర్ ఆమెను ఎత్తుకుని ఆటోలో వేసుకుని, అక్కణ్నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. తిరిగి శవాన్ని తెచ్చుకున్నాడు.

పాతిక రోజులయింది. ఆ గది తాళం మళ్లీ తియ్యలేదు.

'ఉండండి' అన్న మాట వినేసరికి అతను లేచి నిలబడ్డాడు. పాట ఎత్తుకోబోయే ముందు వనజ అనే మాట అది. ఊపిరి అందక, చెయ్యి ఎత్తి, ఉండండి అనేది.

మర్నాడు సాయంత్రం నౌపడలో రైలు దిగాడు. అందరూ వద్దన్నారు. దెయ్యాలు లేనే లేవని పాస్టరుగారు గట్టిగానే చెప్పారు గాని, తోడు మాత్రం రాలేదు.

టార్చి వేసుకుని గట్టు పట్టాడు. మడుల మీద మంచు కమ్మేసింది. ముందు నాలుగడుగులు తప్ప ఏమీ కనిపించడంలేదు. బంగళా దగ్గరపడింది... మెట్ల మీద తెల్లగా ఏదో ముద్ద. టార్చి వేశాడు. ముద్ద కదిలింది —

"ఎవు... ఎవులది?"

"నానే బాబూ."

కాంతమ్మ. వనజ తల్లి. తెల్లచీర ముసుగేసుకుని గోడకి జేరబడి కూర్చుంది.

"నువ్వేటత్తా ఇక్కడ!"

"మా గుంట పలుకుతన్నాదంతన్నారు. రోజూ వత్తన్నాను, ఇనడానికి."

"బయం లేదా?"

"నా గుంటకి నానెందుకు బయపడతాను?"

అంతలో తలుపు అవతల... "ఉండండి..."

జయకర్ ఒక్క గెంతులో వెనక్కి దూకాడు. కాంతమ్మ మాత్రం కళ్లు మూసుకుని, రాగం తెగేదాకా విని, మెల్లగా తలూపింది. అతను తాళం తీశాడు.

గది చీకటి. మూల బల్ల మీద ఆకుపచ్చగా చిన్న వెలుగు. కీబోర్డు ముందు ఎవరూ లేరు... అయినా వనజ పాడుతోంది.

రెండు నిమిషాలు నిలబడి చూశాక సంగతి బోధపడింది. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి.

"అత్తా! దెయ్యం కాదే! మిషను!"

సాంప్లర్ అంటారు దాన్ని. గొంతునైనా డప్పునైనా పట్టి లోపల పెట్టుకుంటుంది, కీబోర్డు మీద మెట్టు నొక్కితే తిరిగి పలుకుతుంది. విశాఖలో ఎవరో స్టూడియో ఎత్తేస్తుంటే కొన్న పాత సరుకు. ఆవేళ ఆపకుండానే పరిగెత్తాడు కదా, లారీ బ్యాటరీలు కట్టిన ఇన్వర్టరు దాన్ని ఇన్నాళ్లూ ఆరిపోనివ్వలేదు. ఉప్పుగాలికి కీబోర్డు లోపల తుప్పు పట్టింది. మంచు దిగి చెమ్మ తగలగానే ఒక మెట్టు తనంతట తనే అంటుకుని పలుకుతోంది. గున్నయ్యని పరిగెత్తించిన దెయ్యం ఇదన్నమాట.

కాంతమ్మ వచ్చి మిషను మీద అరచెయ్యి వేసింది. ఆ చెయ్యి తియ్యలేదు.

"యెచ్చగా ఉన్నాది బాబూ" అంది.

ఆ మిషనుకి ఒక పాడు గుణముంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం, ఆపితే అన్నీ మరిచిపోతుంది. అందుకే పక్కన వేరే పెట్టెలో డిస్కు. అందులోకి దింపుకున్నదే మిగిలేది. జయకర్ మిషను మీద అక్షరాలు కనబడే చిన్న అద్దంలో చూశాడు. డిస్కు లేదు అంటోంది. కేబుల్ చూశాడు, బిగువుగానే ఉంది. కేబుల్ వరస చివర బిగించే మూత చూశాడు, ఉంది. మిషను గుర్తుపట్టడానికి డిస్కు వెనకాల పెట్టే నంబరు చూశాడు, సరిగానే ఉంది. ఆఖరికి దొరికింది — డిస్కు ప్లగ్గు ఇన్వర్టరుకి కాక గోడకి పెట్టాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అదీ పోయి వచ్చింది. మిషనేమో నిద్ర లేచేటప్పుడు ఒక్కసారే డిస్కుని వెతుక్కుంటుంది, తర్వాత పట్టించుకోదు. ముందు డిస్కు, తర్వాత మిషను. అమ్మినాయన నేర్పిన పద్ధతి అదే. అంటే రెండూ ఒకసారి ఆపి, మళ్లీ వెయ్యాలి.

"ముందు కేసెట్టులో ఎక్కించీ బాబూ" అంది కాంతమ్మ. "మా టేపురికార్డర్లో ఏసుకుంటాను."

కేసెట్ డెక్ అక్కడే ఉంది. కాగితం విప్పని కొత్త కేసెట్టూ ఉంది. నిమిషం పని. కానీ మనవాడికి పనితనం మీద గీర.

"కేసెట్టయితే బుస్సుమంటాదత్తా. అసలుది డిస్కులో ఉంది, ఆ రోజే దింపీసినాను. బటన్ నొక్కినట్టు నాకు బాగా గేపకం."

"ఆపితే మల్లీ వత్తాదా?"

"ముప్పై లెక్కెట్టు, వచ్చీసినట్టే."

స్విచ్చి మీద చెయ్యి వేశాడు. చెమ్మ తగిలిన మెట్టు మళ్లీ అంటుకుంది — "ఉండండి..."

"విన్నావా అత్తా, ఎంత బాగుందో!" అని నవ్వుతూ నొక్కేశాడు.

గదిలో చప్పుడు లేదు. ఆకుపచ్చ వెలుగు పోయింది. చీకట్లో లెక్కపెడుతున్నాడు. పద్ధతంటే పద్ధతే, ఒక్క అంకె తగ్గడానికి లేదు. పదిహేను... పదహారు... పదిహేడు...

పద్ధెనిమిది దగ్గర అతనికి ఆ రోజు కళ్లముందుకొచ్చింది. బటన్ నొక్కాడు, నిజమే. దింపమంటావా అని మిషను అడిగింది, నిజమే. ఔనని రెండోసారి నొక్కాలి. వేలు పైకెత్తాడు... అప్పుడే స్టూలు పడిన చప్పుడు. తిరిగి చూస్తే వనజ నేలమీద ఉంది.

రెండోసారి నొక్కలేదు.

"ఆగిపోనావేటి బాబూ?" అంది చీకట్లో కాంతమ్మ. మర్చిపోయాడేమోనని ఆవిడే అందుకుంది. "పంతొమ్మిది... ఇరవై... ఇరవయ్యొకటి..." ఒక్కొక్కటీ నిదానంగా, ముద్దుగా, ముప్పై దాకా లెక్కపెట్టింది.

"అయిపోనాది. ఎయ్యి."

డిస్కు వేశాడు. మిషను వేశాడు. ఈసారి డిస్కు చక్కగా దొరికింది. పేర్లన్నీ వరసగా వచ్చాయి. డోలు, తబలా, గంట, చప్పట్లు. పైనుంచి కిందికి చూశాడు. కిందినుంచి పైకి చూశాడు. ఇంకోసారి చూశాడు. అత్త మొహం వైపు మాత్రం చూడలేకపోయాడు.

"ఏదీ, పలికించు."

జయకర్ కదల్లేదు. ఏ మెట్టు పలుకుతోందో ఆవిడ ఇందాకే చూసిపెట్టుకుంది. మెల్లగా వంగి, దాని మీద బొటనవేలు ఆనించి నొక్కింది.

లోపల ఏమీ లేనప్పుడు ఆ మిషను తనకి పుట్టుకతో వచ్చిన కూత ఒకటి కూస్తుంది. టెలిఫోను ఎత్తితే వినిపించే మోతలాంటిది. ఊపిరి తీసుకోదు... తెగదు... వేలు ఎత్తేదాకా అలా మోగుతూనే ఉంటుంది.

కాంతమ్మ చాలాసేపు వేలు ఎత్తలేదు. తల పక్కకి వంచి, అందులో ఎక్కడైనా బిడ్డ ఉందేమోనని వింటూనే ఉంది. తర్వాత చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, అల్లుడి చొక్కా పట్టుకుని గుసగుసగా అడిగింది.

"ఇదెవులు బాబూ?"